మన దేశపు జనసంఖ్య: దాని పూర్వచరిత్ర

రాజునకు పన్ను కావలెను. పన్నునకు పంట కావలెను. పంటకు మనిషి కావలెను. కావున మనుష్యులను లెక్కించు పని రాజ్యముతో పాటే పుట్టినదని చెప్పవచ్చును. కౌటిల్యుని అర్థశాస్త్రములో గోపుడను ఉద్యోగి యొకడు కనబడును. ఐదేసి గాని పదేసి గాని గ్రామములు అతని అజమాయిషీలో నుండును. ఏ గ్రామమున ఎన్ని యిండ్లు కలవు, వానిలో పన్ను చెల్లించునవి యెన్ని, చెల్లింపనివి యెన్ని, దున్నువారు, పసులకాపరులు, వర్తకులు, చేతిపనివారు, కూలివారు, దాసులు ఎందరెందరు, ముసలివారెందరు, పిల్లలెందరు, తుదకు రెండు కాళ్ల ప్రాణులెన్ని, నాలుగు కాళ్ల ప్రాణులెన్ని అనునదంతయు అతడు వ్రాసి యుంచవలెను. గ్రామ కరణముల వంశవృక్షము ఎంత దూరము పోవునో దీనివలన ఊహింపవచ్చును. అయితే ఆ లెక్కలలో ఒక్క ఆకైనను నేటికి మిగులలేదు. చైనాలో క్రీ. శ. 2వ సంవత్సరమున జరిగిన గణనము చరిత్ర గ్రంథములలో భద్రముగా నున్నది. ఆనాడు అక్కడ 5 కోట్ల 95 లక్షల మంది యుండిరని తెలియుచున్నది. మన దేశమున లెక్కించు విధానమును చెప్పు శాస్త్రము మిగిలినది గాని లెక్క మాత్రము పోయినది.

అందువలన ప్రాచీన భారతదేశపు జనసంఖ్యను గూర్చి పండితులు చెప్పునవి యన్నియు అంచనాలే. చంద్రగుప్త మౌర్యుని సేనను గూర్చి గ్రీకులు వ్రాసిన అంకెలను పట్టుకొని, అంత సేనను పోషించుటకు ఎందరు ప్రజలు ఉండవలెనో వెనుకకు లెక్కకట్టి, 10 కోట్లు మొదలు 14 కోట్ల వరకు ఉండిరని కొందరు నిర్ణయించిరి. పరదేశపు సైన్యమును గూర్చి విని వ్రాయువాడు తగ్గించి వ్రాయుట అరుదు. కావున ఈ పద్ధతిని పూర్తిగా నమ్మరాదు. తరువాతి పరిశోధకులలో క్రీస్తు శకారంభమునకు ఏడున్నర కోట్లు మాత్రమే యనినవారు కలరు, అంతకన్న తక్కువ అనినవారును కలరు. అక్బరు కాలమునకు వచ్చునప్పటికి కొంత గట్టి నేల దొరకును. అబుల్ ఫజలు రచించిన ఐనీ అక్బరీలో సాగుభూముల విస్తీర్ణము, శిస్తు, పంటలు, ధరలు విపులముగా నున్నవి. మనుష్యుల లెక్క లేదు. ఉత్తరదేశమున సాగుభూమిని బట్టియు, దక్షిణమున విజయనగర, దక్కను సేనలను బట్టియు మోర్లండు అను చరిత్రకారుడు 1600 ప్రాంతమున దేశమంతటను 10 కోట్ల మంది యుండిరని 1920లో ప్రకటించెను. 1951లో కింగ్‌స్లీ డేవిస్ దానిని పన్నెండున్నర కోట్లకు పెంచెను. మొగలు కాలపు లెక్కలను మరల తరచి చూచిన షిరీన్ మూస్వీ సుమారు పదునాలుగున్నర కోట్లని తేల్చెను.

ఈ అంకెలలో ఏది నిజమైనను ఒక సంగతి మాత్రము స్థిరము. ఆ కాలములలో భూమికి కొరత లేదు, మనిషికే కొరత. క్రొత్తగా చెరువు త్రవ్వించి అడవి కొట్టించి గ్రామము నిలిపిన ప్రభువులు, అక్కడ కాపురముండ వచ్చినవారికి మొదటి కొన్ని యేండ్లు పన్ను మినహాయించుట వాడుక. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగమున, కష్టములకు తాళలేక ఊరు విడిచి పోవు ప్రజలను పిలిపించి నిలుపక, వారి పసులకును ధాన్యమునకును ఆశపడి, విడిచిన యిండ్ల కలపను వంటచెరకుగా చూచు అధికారిని తీవ్రముగా నిందించెను. అట్టి అధికారి గల రాజు ఎంత భూమిని జయించినను బాగుపడడని ఆయన అభిప్రాయము. ప్రజలు అధికమైపోయినారని నిట్టూర్చు పాలకుని మాట కాదిది. ప్రజలు తరిగిపోవుదురేమోనని భయపడు పాలకుని మాట.

ఇచ్చట ఒక చిన్న లెక్క వేసి చూడవలెను. ఏటికి వేయిమందికి ఒక్కరు చొప్పున మాత్రమే ఒక దేశపు జనము పెరిగినదనుకొందము. రెండు వేల యేండ్లలో అది ఏడు రెట్లకు మించి యగును. క్రీస్తు శకారంభమున ఏడున్నర కోట్లుండినచో 1800 నాటికి నలుబది కోట్లు దాటవలసి యుండెను. కాని 1800 ప్రాంతమున ఈ ఉపఖండమున ఇరువది కోట్లకు మించి లేరని పలువురి అంచనా. అనగా వేయింటికి ఒక్కరి వంతున కూడ పెరుగుదల లేదు. అందులో సగము మాత్రమే. ఆ కాలపు స్త్రీలు తక్కువ మంది బిడ్డలను కనిరా? కాదు. ఒక్కొక్క తల్లికి ఆరు, ఏడు కాన్పులు సామాన్యము. పుట్టినవారిలో నిలిచినవారు తక్కువ.

తెలుగుదేశమున దీనికి శాసనములు వెదుకనక్కరలేదు, పేర్లు చాలును. వరుసగా బిడ్డలు పోయిన యింట మరల బిడ్డ పుట్టినచో, ఆ శిశువును పెంటకుప్ప మీద పరుండబెట్టి తీసికొని పెంటయ్య యనియో పెంటమ్మ యనియో పేరు పెట్టుట, విస్తరాకులో దొర్లించి పుల్లయ్య అని పిలుచుట, పొరుగింటివారికిచ్చి తవుడు పోసి మరల కొనుక్కొని తవిటయ్య యనుట మన పెద్దల ఆచారము. విలువ లేని వస్తువును మృత్యువు కోరదని వారి ఆశ. కళింగాంధ్రమున తవిటమ్మలు, తవిటయ్యలు నేటికిని కలరు. ఏ సర్కారు దస్తరములోను లేని శిశుమరణముల పట్టిక ఈ పేర్లలో నున్నది.

మామూలు సంవత్సరములలో జననములు మరణములను కొంచెము మించుచుండెడివి. పది, ఇరువది యేండ్లు కూడబెట్టిన ఆ కొంచెమును ఒక్క కరువు వచ్చి తుడిచివేయుచుండెడిది. 1770 నాటి వంగదేశపు క్షామమున మూడవ వంతు జనము నశించెనని వారన్ హేస్టింగ్సు వ్రాసెను. నందన నామ సంవత్సరమున, అనగా 1832-33లో, గుంటూరు మండలమున డొక్కల కరువు వచ్చినది. అప్పటి ఐదు లక్షల జనములో ఒకటిన్నర లక్ష మొదలు రెండు లక్షల వరకు పోయిరని నాటి వ్రాతలు చెప్పుచున్నవి. మనుష్యుల డొక్కలు లోనికి పోయి ఎముకలు బయటపడుటచే ఆ పేరు వచ్చినదని పెద్దలు చెప్పుకొనెడివారు. గోదావరి మండలపు స్థితియు అట్లే యుండెను. రాజమహేంద్రవరము జిల్లాలో 1821 ప్రాంతమున 7 లక్షల 38 వేల మంది యుండగా, 1841 నాటికి 5 లక్షల 61 వేలే మిగిలిరి. ఇరువది యేండ్లలో నాలుగవ వంతు మాయమైనది. చచ్చినవారు చావగా బ్రతికినవారు వలస పోయిరి. అంత పెద్ద నది ప్రక్కన పారుచుండగా జనము తిండి లేక పోవుచున్నారన్న ఈ లెక్కయే సర్కారును కదలించినది. మాంట్‌గోమరీ విచారణయు, ఆర్థర్ కాటన్ నివేదికయు, 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్టయు దాని ఫలములు. కాటన్ దొరను తలచుకొనువారు ఈ జనసంఖ్య పట్టికను కూడ తలచుకొనుట న్యాయము.

కుంఫిణీవారికి లెక్కల మీద మక్కువ యెక్కువ. మదరాసు రాజధానిలో 1851-52 మొదలు ఐదేండ్లకొకసారి కరణముల చేత తలలు లెక్కించు ఏర్పాటు జరిగెను. మొదటిసారి 2 కోట్ల 20 లక్షలు తేలిరి. 1866-67లో 2 కోట్ల 65 లక్షలు. 1871లో 3 కోట్ల 12 లక్షలు. చివరి ఐదేండ్లలో అంతమంది ఒక్కసారిగా పుట్టలేదు. పూర్వము దాగినవారు ఇప్పుడు లెక్కలోనికి వచ్చిరి. ఇండ్లకు అంకెలు వేయుట పన్ను వేయుట కొరకేనని జనులకు అనుమానము. ఇంటిలోని ఆడపిల్లల సంగతి పరాయివానికి చెప్పుట మర్యాద కాదని మరియొక సంకోచము. వయస్సు అడిగినచో ముప్పది, నలుబది, నలుబదియైదు అని చెప్పువారే గాని ముప్పదిమూడు అనువారు అరుదు. తొలి గణనముల పట్టికలలో సున్న, ఐదు చివర గల వయస్సుల యొద్ద జనము గుట్టలుగా పడియుందురు.

1871 నాటి మదరాసు గణనమునకు నివేదిక వ్రాసినవాడు డబ్ల్యు. ఆర్. కార్నిషు. ఆయన వైద్యుడు, మదరాసు ప్రభుత్వపు పారిశుద్ధ్య కమిషనరు. మూడు కోట్ల మందిని పేజీల కొద్ది పట్టికలలో సర్ది, ఏ జిల్లాలో ఎందరు పిల్లలు, ఎందరు వృద్ధులు అని వివరించిన ఈయనకు, ఐదేండ్లు గడువకముందే ఆ జనము తన కన్నుల యెదుట కరగిపోవుటను చూడవలసి వచ్చినది. ధాత నామ సంవత్సరమున, అనగా 1876లో, వానలు తప్పిపోయినవి. రాయలసీమ, నెల్లూరు, మైసూరు, సేలము ప్రాంతములు మాడిపోయినవి. ప్రజలు నేటికిని ధాత కరువని చెప్పుకొనునది ఇదియే.

రాజప్రతినిధి లిట్టన్ ప్రభువు, కరువు పనుల ఖర్చు అదుపు చేయుటకు రిచర్డు టెంపుల్ అను దొరను మదరాసు పంపెను. టెంపుల్ 1877 ఆరంభమున, కరువు పనిలో రాళ్లు కొట్టు మగవానికి రోజునకు ఒక పౌను ధాన్యము, అనగా నేటి లెక్కలో సుమారు 450 గ్రాములు, పైని కొంచెము రొక్కము చాలునని నిర్ణయించెను. చెరసాలలో పనిచేయు ఖైదీకి దొరకు తిండి ఇంతకన్న ఎక్కువ. కార్నిషు దీనిని వ్రాతమూలముగా ఎదిరించెను. కష్టపడి పనిచేయు మనిషి ఈ తిండితో నిలువలేడనియు, పౌనున్నరకు తక్కువ కాకుండ ధాన్యమును, దానితో పప్పుదినుసులును ఉండవలెననియు ఆయన వాదించెను. టెంపుల్ బదులు వ్రాసెను. కార్నిషు మరల వ్రాసెను. ఈ వాదము కాగితముల మీద నడుచుచుండగా శిబిరములలో మనుష్యులు చచ్చుచుండిరి. కొన్ని వారములకు మదరాసు ప్రభుత్వము కూలిని కొంత పెంచక తప్పలేదు. మదరాసు పట్టణమున కూవము, అడయారు నదులను కలిపిన కాలువ భాగము ఆ కరువు కూలీలు 1877-78లో త్రవ్వినది. దానికి మాత్రము నాటి గవర్నరు బకింగుహాము పేరు నిలిచినది.

బ్రిటిషు పాలితప్రాంతములలోనే 50 లక్షలకు మించి జనులు ఆ కరువున అధికముగా మరణించిరని 1880 నాటి క్షామ సంఘము ఒప్పుకొనెను. కర్నూలు జిల్లాలో 1871లో 9 లక్షల 14 వేల మంది యుండగా, 1881లో 6 లక్షల 78 వేల మంది మాత్రమే కనబడిరి. మదరాసు రాజధాని మొత్తము 3 కోట్ల 12 లక్షల నుండి 3 కోట్ల 8 లక్షలకు దిగినది. కరువు చంపినవారు కొందరైతే, పుట్టకుండ చేసినవారు మరికొందరు. తిండి లేని యేడు కాన్పులు తగ్గిపోవును. ఏడాది తిరిగిన తరువాత ఆ శూన్యము జననముల పట్టికలో తేలును. ఐదేండ్లలోపు బిడ్డల వరుస చూచి ఆ జిల్లాలో ఎప్పుడు కరువు వచ్చినదో చెప్పవచ్చునన్నంత స్పష్టముగా అది యుండును.

దేశమంతటను ఒక్కనాడే లెక్కించు పద్ధతి 1881 ఫిబ్రవరి 17వ తేదీ రాత్రి మొదలైనది. 1872 గణనము పేరునకు దేశవ్యాప్తమే గాని, ఒక్కొక్క రాష్ట్రము ఒక్కొక్క కాలమున జరిపినది. నైజాము రాజ్యమునకు కూడ 1881 లెక్కయే మొదటిది. పెండ్లి ముహూర్తములు, తిరునాళ్లు లేని దినములను, వెన్నెల గల రాత్రులను చూచి తేదీ నిర్ణయించెడివారు. గణకులు ముందే తయారుచేసిన చిట్టాలు పట్టుకొని, ఆ రాత్రి ఇంటింటికి తిరిగి, చచ్చినవారిని కొట్టివేసి, పుట్టినవారిని, చుట్టములుగా వచ్చినవారిని చేర్చెడివారు. 1931 వరకు ఈ ఒక్క రాత్రి గణనము సాగెను. ఆ 1881 రాత్రి బ్రిటిషు ఇండియాలోను సంస్థానములలోను కలిసి 25 కోట్ల 39 లక్షల మంది తేలిరి. 1891లో 28 కోట్ల 70 లక్షలు. కొంత నిజమైన పెరుగుదల, కొంత క్రొత్త ప్రాంతములు చేరుట, కొంత లెక్క మెరుగుపడుట.

ఆ తరువాతి ముప్పదియేండ్లు మన చరిత్రలో మిక్కిలి చీకటి దినములు. 1896లో బొంబాయి రేవున ప్రవేశించిన ప్లేగు పాతికేండ్లలో కోటిమందిని మింగినది. 1896-97లోను 1899-1900లోను వరుసగా రెండు మహాక్షామములు వచ్చినవి. నైజాము రాజ్యపు జనసంఖ్య 1891లో 1 కోటి 15 లక్షలుండగా, 1901లో 1 కోటి 11 లక్షలకు తగ్గినది. ఇవి చాలవన్నట్లు 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చినది. ఆ యేడు వేసవి చివర బొంబాయిలో మెల్లగా తగిలి, సెప్టెంబరు మొదలు డిసెంబరు లోపల ఇది దేశమంతట దావానలమువలె వ్యాపించెను. పంట కూడ పోయిన సంవత్సరమది. సాధారణ రోగములు పసివాండ్రను వృద్ధులను ఎంచుకొనును. ఇది ఇరువది, నలుబది యేండ్ల నడిమి పడుచువారిని ఎంచుకొన్నది. మగవారికన్న ఆడవారు ఎక్కువ చచ్చిరి. ఇంటివారందరు మంచము పట్టినప్పుడు మంచము దిగి నీళ్లు తెచ్చి కాచి యిచ్చినది ఎవరో ఆలోచించినచో దీనిలో ఆశ్చర్యము లేదు. 1 కోటి 20 లక్షలకు తక్కువ కాదని నాటి ప్రభుత్వపు అంచనా. 1 కోటి 70 లక్షల వరకు ఉండునని తరువాతి పరిశోధకులు తేల్చిరి. ప్రపంచయుద్ధపు రణరంగములలో అన్ని దేశముల సైనికులు కలిసి చచ్చినదానికన్న ఈ దేశమున నాలుగు నెలలలో చచ్చినవారు ఎక్కువ.

1921లో లెక్కించి చూడగా, నేటి భారతదేశపు హద్దులలో 25 కోట్ల 13 లక్షల మంది యుండిరి. పదేండ్ల క్రిందట 25 కోట్ల 21 లక్షలు. నైజాము రాజ్యము 1 కోటి 33 లక్షల నుండి 1 కోటి 24 లక్షలకు పడిపోయెను. ఆ దశాబ్దమున మన దేశములో పుట్టిన బిడ్డ సగటు ఆయుస్సు ఇరువదియేండ్లు. దీని యర్థము అందరును ఇరువదవ యేట చచ్చిరని కాదు. పుట్టినవారిలో సుమారు సగము మంది బాల్యములోనే పోవగా, మిగిలినవారిలో కొందరు అరువది, డెబ్బది చూచిరి. ఆరుగురిని కన్న తల్లికి ఇద్దరు ముగ్గురు దక్కిన కాలమది.

అచ్చటి నుండి కథ మారినది. 1931లో 27 కోట్ల 90 లక్షలు. 1941లో 31 కోట్ల 87 లక్షలు. 1951లో 36 కోట్ల 11 లక్షలు. నాటి నుండి నేటివరకు ఏ గణనమునను జనసంఖ్య తగ్గలేదు. 1951 నాటి గణనమునకు కమిషనరైన ఆర్. ఏ. గోపాలస్వామి తన నివేదికలో 1921ని గొప్ప సరిహద్దుగా చూపెను. ఆ మాట నిలిచినది. అదే నివేదికలో మరియొక మాట కూడ కలదు. అప్పటికే ముగ్గురిని కన్న తల్లికి మరల కలుగు కాన్పును ఆయన ‘అవివేక మాతృత్వము’ అను అర్థము వచ్చు మాటతో పేర్కొనెను. లెక్కలలో అంత నిపుణుడైన మనిషి ఆ మాట వాడకుండవలసినది. 1921 తరువాత మన జనసంఖ్య పెరుగుటకు కారణము తల్లులు ఎక్కువమందిని కనుట కాదు. కన్నది పూర్వమెంతో అప్పుడును అంతే. చావు వెనుకంజ వేసినది. పెరుగుదలకు మూలము అంతమాత్రమే. ధాత కరువు అమ్మమ్మకు, 1918 తల్లికి నేర్పిన పాఠమును విడుచుటకు, ఇక బిడ్డలు దక్కుదురను నమ్మకము కుదరవలెను గదా! చావు శాశ్వతముగా వెనుదిరిగినదని ఆమెకు ఎవరు హామీ యిచ్చిరి? 1943లో వంగదేశమున మరల సుమారు 30 లక్షల మంది తిండి లేక చనిపోయిరి.

చావు ఎట్లు తగ్గినదని అడుగువారికి ఒక్క మాటలో సమాధానము లేదు. 1921కిని 1947కిని నడుమ మనకు వైద్యశాలలు విశేషముగా పెరిగినవి కావు. ప్లేగు తనంత తాను సన్నగిల్లినది. కరువు వచ్చినచోటికి రైలు ధాన్యమును చేర్చినది. ఆ రైలే పూర్వము కరువు జిల్లాల ధాన్యమును ఓడరేవులకు చేర్చినదనుటయు నిజమే. 1880 క్షామ సంఘము పిదప వచ్చిన క్షామ నిబంధనలు, ఎంత పిసినారివైనను, కొంత పనిచేసినవి. గోదావరి, కృష్ణా డెల్టాలవంటి నీటిపారుదల ప్రాంతములలో వాన తప్పినను గింజ దొరికినది. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత వేగము పెరిగినది. అప్పటికి ఏటేట ఏడున్నర కోట్ల మందికి మలేరియా జ్వరము వచ్చి ఎనిమిది లక్షల మంది చనిపోవుచుండిరి. 1953లో మొదలైన నివారణోద్యమముతో, ఇంటిగోడల మీద డి.డి.టి. చల్లుటతో, పదేండ్లలో అది మిక్కిలి తగ్గినది. మశూచి 1975లో దేశమును విడిచి పోయినది. గ్రామదేవతల జాతరలు మాత్రము సాగుచున్నవి. మశూచి భయమెరుగని తరము ఆ జాతరలలో ఆడుచున్నది. 1941-51 దశాబ్దమున ముప్పదిరెండేండ్లున్న సగటు ఆయుస్సు నేడు డెబ్బదికి చేరినది.

చావు తగ్గుట ముందు, కాన్పులు తగ్గుట వెనుక. ఈ రెంటికి నడుమ ఒక తరము దాటు వ్యవధి పడినది. ఆ వ్యవధిలోనే 1961లో 43 కోట్ల 92 లక్షలు, 1971లో 54 కోట్ల 82 లక్షలు, 1981లో 68 కోట్ల 33 లక్షలు, 1991లో 84 కోట్ల 64 లక్షలు, 2001లో 102 కోట్ల 87 లక్షలు, 2011లో 121 కోట్ల 8 లక్షలు అయినవి. ప్రభుత్వము 1952లోనే కుటుంబ నియంత్రణ పథకమును చేపట్టెను. ఇట్టి పనిని ప్రభుత్వ కార్యక్రమముగా గైకొన్న దేశములలో మనదే మొదటిది. అత్యవసర పరిస్థితి కాలమున, 1976-77 ఒక్క సంవత్సరములోనే 80 లక్షలకు పైగా శస్త్రచికిత్సలు జరిగినవి. అందు ఎన్నింటికి బలవంతము తోడైనదో ఆనాటి పెద్దలకు తెలియును. బలవంతము చేసిన పని తక్కువ. బిడ్డలు బ్రతుకుదురను నమ్మకము, ఆడపిల్లల చదువు, ఊరికి దగ్గరైన ఆరోగ్యకేంద్రము చేసిన పని ఎక్కువ. 1950 ప్రాంతమున ఒక్కొక్క స్త్రీకి సుమారు ఆరుగురు బిడ్డలు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనమున ఇద్దరు. ఆంధ్రప్రదేశమున 1.7, తెలంగాణమున 1.8. అయితే దీని భారము ఎవరిపై పడినదో కూడ అదే పరిశీలనము చెప్పుచున్నది. ఆంధ్రప్రదేశమున వివాహిత స్త్రీలలో పదింట ఏడుగురు సుమారుగా శస్త్రచికిత్స చేయించుకొన్నవారే. మగవారి వంతు నామమాత్రము.

స్త్రీల సంగతి వచ్చినది గనుక మరియొక వరుస అంకెలను చూడక తప్పదు. వేయిమంది మగవారికి 1901లో 972 మంది ఆడవారు, 1991లో 927, 2011లో 943. ఆరేండ్లలోపు పిల్లలలో 1961లో వేయిమంది మగపిల్లలకు 976 మంది ఆడపిల్లలుండగా, 2011లో 919 మందియే యుండిరి. 1871లో ఆడపిల్లల లెక్క తక్కువైనచో ఇంటివారు చెప్పలేదని సరిపుచ్చుకొనవచ్చును. 2011లో ఆ సమాధానము చెల్లదు. చావును వెనుకకు నెట్టిన విజ్ఞానమే యంత్రమై గర్భములోని ఆడుబిడ్డను ముందుగా పట్టి యిచ్చినది. దానిని నిషేధించు చట్టము 1994లోనే వచ్చియున్నది.

2001-11 దశాబ్దమున చేరిన జనము అంతకుముందు దశాబ్దమున చేరినదానికన్న కొంచెము తక్కువ. 1921 తరువాత ఇట్లు జరుగుట ఇదే మొదటిసారి. 2023లో భారతదేశము జనసంఖ్యలో చైనాను మించినదని ఐక్యరాజ్యసమితి ప్రకటించెను. అంతకు ముందటి యేడే చైనా జనసంఖ్య తగ్గనారంభించినది. ఇద్దరికి మించిన సంతానము గలవారు పంచాయతీ ఎన్నికలలో నిలువరాదని 1994లో ఆంధ్రప్రదేశ శాసనసభ చట్టము చేసెను. ఎందరో గ్రామ నాయకులు ఆ కారణమున పోటీకి దూరమైరి. 2024 నవంబరులో అదే శాసనసభ, రాష్ట్రమున పిల్లలు తగ్గి వృద్ధులు పెరుగుచున్నారని చెప్పి, ఆ నిబంధనను తొలగించెను. రాయలవారి కాలపు భయము ఐదు వందల యేండ్లకు మరల వచ్చినట్లున్నది. ముప్పదియేండ్లలో పాలకుల మాట తలక్రిందులైనది గాని, ఈ రెండు మాటలలోను తల్లుల అభిప్రాయము అడిగినట్లు కనబడదు.

1951 మొదలు జిల్లాకొక జనగణన హస్తపుస్తకము అచ్చగుచున్నది. గ్రామగ్రామమునకు ఒక వరుస. ఇండ్లెన్ని, మగవారెందరు, ఆడవారెందరు, చదువువచ్చినవారెందరు అని ఆ వరుసలో నుండును. జిల్లా గ్రంథాలయములలో వెదకి, 1951, 1961 పుస్తకములను 2011 పుస్తకము ప్రక్కన పెట్టి తమ యూరి వరుసను చదువువారికి, కోట్ల లెక్కలో కానరాని సంగతులు అనేకము కనబడును. ఊరు పెరిగినదా, వలసచే కరగినదా, ఆడపిల్లల గడి మగపిల్లల గడితో సరితూగినదా అనునది అక్కడనే తేలును. 2021లో రావలసిన గణనము కోవిడు వ్యాధి కారణమున నిలిచిపోయినది. 1881లో మొదలైన పదేండ్ల వరుస తప్పుట అదే మొదలు. 2027 మార్చి 1వ తేదీని ప్రమాణముగా గైకొని దేశములో అధికభాగమున లెక్కించుటకు 2025 జూనులో ప్రకటన వెలువడినది. ఈసారి గణకుని చేతిలో కాగితపు చిట్టాకు మారుగా సెల్‌ఫోను ఉండునట్లు ఏర్పాటు చేసిరి.